పట్టణమునకు కాపురము మార్చువారు వేసికొనవలసిన లెక్క

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు పెద్దలు చెప్పిరి. ఈ దినములలో మూడవదానిని గూడ చేర్చవలసియున్నది: పట్టణమునకు కాపురము మార్చి చూడుము. చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి బెంగుళూరునకును హైదరాబాదునకును తరలిపోవు కుటుంబములు ప్రతి సంవత్సరమును కలవు. కొందరు పిల్లల చదువు నిమిత్తము పోవుదురు. కొందరు వానలు తప్పి బోరుబావు లెండిన పిమ్మట పోవుదురు. కొందరు ముందుగా పోయిన బంధువుల మాట విని పోవుదురు. పోవుట తప్పని గాని పోకుండుట యొప్పని గాని మేము చెప్పము. అది ఆయా కుటుంబము వారు నిశ్చయించుకొనవలసిన విషయము. కాని నిశ్చయమునకు ముందు కాగితముపై ఒక లెక్క వేయుట యెల్లరకును అవసరము. ఆ లెక్క యెట్లు వేయవలయునో, అందు సామాన్యముగా ఏ పద్దులు మరపునకు వచ్చుచున్నవో సభ్యులకు విశదపరచుటయే యీ వ్యాసపు టుద్దేశము.

పల్లెలో లెక్కకు రాని రాబడి

"అక్కడ నెలకు ముప్పదివేలు వచ్చును, ఇక్కడ పదునైదువేలైనను చేతి కందుటలేదు" అను మాటతో చాల కుటుంబములు బయలుదేరుచున్నవి. ఈ మాటలో రొక్కము మాత్రమే రొక్కముతో పోల్చబడినది. రైతు రాబడి యంతయు రొక్కము కాదు.

కర్నూలు–కడప కాలువ క్రింద వరి పండించు చెన్నూరు రైతు తన యింటికి కావలసిన గింజలను కల్లముననే వేరుచేసి మిగిలినది అమ్మును. జమ్మలమడుగు నల్లరేగడిలో శెనగ పండించువాడు సంవత్సరమునకు సరిపడు పప్పును ఇంట నుంచుకొనును. కొట్టములో ఒక గేదె యున్న పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి కొనవలసిన పనిలేదు. పెరటిలో మునగచెట్టు, కరివేపచెట్టు, నాలుగు సొరపాదులు ఉండును. నివసించు ఇల్లు తాతలనాటిదైనను తనదే, బాడుగ లేదు. నీటికి వెలలేదు. పిల్లలను చూచుకొనుటకు అవ్వయు తాతయు ఉన్నారు. అంగడివాడు పంట వచ్చువరకు అరువిచ్చును. జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారు బండి కట్టుదురు.

ఇవన్నియు రాబడియే. రొక్కరూపమున రానందున జమాపద్దునకు ఎక్కుటలేదు; అంతియే. పట్టణమున కాలుమోపిన దినముననే యీ పద్దులన్నియు ఒక్కమారుగా రొక్కపు ఖర్చులై నిలుచును. రెండు రెబ్బల కరివేపాకు మొదలు తలదాచుకొను కప్పు వరకు ప్రతిదానికిని చేయి జేబులోనికి పోవలయును. కావున లెక్క వేయువాడు మొదట చేయవలసిన పని, పల్లెలో తాను కొనక అనుభవించుచున్న ప్రతి వస్తువునకును పట్టణపు ధర కట్టి తన ప్రస్తుతపు రాబడికి కలుపుకొనుట. అట్లు కలిపినచో పదునైదువేల రాబడి పదునైదువేలుగా నిలువదు. చాల ఇండ్లలో ఇరువదియైదువేలకు మీరుచుండును.

ప్రభుత్వపు లెక్కలు

ఇది మా యూహ మాత్రమే కాదు. కేంద్ర గణాంక శాఖవారు 2022–23లో దేశమంతట కుటుంబముల వినియోగ వ్యయమును విచారించిరి. ఆంధ్రప్రదేశపు పల్లెలలో మనిషి యొక్కింటికి నెలకు సగటున 4,870 రూపాయలును, కర్ణాటకపు పట్టణములలో 7,666 రూపాయలును, తెలంగాణపు పట్టణములలో 8,158 రూపాయలును వ్యయమగుచున్నట్లు తేలినది. నలుగురు గల కుటుంబమునకు లెక్కించిన మన పల్లెలో 19,480, కర్ణాటక పట్టణమున 30,664, తెలంగాణ పట్టణమున 32,632 రూపాయలు. అనగా అదే కుటుంబము పట్టణమున సగటువారివలె బ్రతుకుటకు నెలకు పదునొకండు వేలనుండి పదమూడు వేల వరకు అధికముగా కావలెను.

ఈ సగటును చదువునప్పుడు ఒక జాగ్రత్త వహింపవలెను. పట్టణపు కుటుంబములలో స్వంత ఇండ్లు గలవారును చాలమంది కలరు. వారు బాడుగ ఇయ్యరు. ఆ విచారణలో స్వంత ఇంటికి బాడుగ కట్టి కలుపలేదు. కావున బాడుగ ఖర్చు పట్టణపు సగటులో పలుచబడి కనబడును. క్రొత్తగా పోయి అద్దెయింట దిగువానికి ఆ సగటుకంటె ఎక్కువ తగులును గాని తక్కువ తగులదు.

మరియొక విశేషము. 2023–24లో జరిగిన విచారణ ప్రకారము దేశమున పల్లె కుటుంబము నూరు రూపాయలు ఖర్చుచేసిన అందు 47 రూపాయలు తిండికి పోవుచున్నవి. పట్టణమున 40 రూపాయలకు కొంచెము తక్కువ. తిండియొక్క పాలు తగ్గినకొలది సంపద హెచ్చుచున్నదని 1857లో ఎంగెలు అను జర్మను గణాంకవేత్త సూత్రీకరించెను. కాని క్రొత్తగా పోయిన రైతు విషయమున ఆ పాలు తగ్గుట సంపదకు గుర్తు కాకపోవచ్చును. మిగిలిన పద్దులు తిండిని అణచివేయుచున్నవనుటకు గుర్తు కావచ్చును. బియ్యము ధర యొక్కటే విచారించి పట్టణపు వెచ్చమును అంచనావేయువాడు నూటికి 60 వంతులు విడిచిపెట్టి లెక్కవేసినవాడగును.

బాడుగయు, అడ్వాన్సును

బాడుగ మొత్తమును అందరును విచారింతురు. దానితోపాటు ముందుగా చెల్లింపవలసిన అడ్వాన్సును చాలమంది విచారింపరు. బెంగుళూరులో ఒకప్పుడు పది నెలల బాడుగను అడ్వాన్సుగా అడుగుట వాడుక. ఇప్పుడును పెక్కుచోట్ల ఐదారు నెలలది అడుగుచున్నారు. ఇల్లు విడుచునప్పుడు సున్నము, రంగు పేరిట ఒక నెల బాడుగ పట్టుకొనుట గలదు. హైదరాబాదులో అడ్వాన్సు సామాన్యముగా ఇంతకంటె తక్కువ. నివాసగృహములకు రెండు నెలలకు మించిన అడ్వాన్సు తీసికొనరాదని 2021లో కేంద్రప్రభుత్వము ఒక నమూనా చట్టమును ప్రకటించెను గాని, అది నమూనాయే. ఆయా రాష్ట్రము దానిని స్వీకరించినగాని యజమానిని కట్టివేయదు.

బాడుగ 11,000 రూపాయలును, అడ్వాన్సు ఆరు నెలలదియు అనుకొందము. 66,000 రూపాయలు ఒక్కమారుగా కావలెను. దీనిని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 1,320 రూపాయలు వడ్డీయే యగును. ఆ సొమ్ము యజమాని దగ్గర వడ్డీలేక నిలిచియుండగా మనము వడ్డీ కట్టుచుందుము. కాబట్టి బాడుగ 11,000 కాదు, 12,320 అని వ్రాసికొనవలయును.

పట్టణమునకు జనము ఒక్కమారుగా వచ్చినపుడు బాడుగలు పెరుగుట క్రొత్త సంగతి కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని యైనపుడు ఇండ్లు చాలక కచేరీలే డేరాలలో నడిచెను. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదునుండి వెలగపూడికి తరలినపుడు ప్రభుత్వము వారికి నూటికి 30 వంతుల ఇంటి బాడుగ భత్యమును, వారమునకు ఐదు దినముల పనియు ఏర్పరచెను. కాపురము మార్చుట ఖర్చుతో గూడిన పని యని ప్రభుత్వమే యొప్పుకొన్నది. రైతునకు భత్యమిచ్చువారు లేరు గనుక ఆ భత్యపు మొత్తమును తానే ముందుగా కూడబెట్టుకొనవలయును.

నీరు

పెన్నయొడ్డున పుట్టి పెరిగినవానికి నీటికి వెల యనగా వింతగా తోచును. 2024 వేసవిలో బెంగుళూరున బోర్లు ఎండి నీటి కరవు వచ్చినపుడు అచ్చటి జిల్లా అధికారులు ప్రైవేటు టాంకర్లకు ధర నిర్ణయించిరి: ఐదు కిలోమీటర్లలోపల 6,000 లీటర్ల టాంకరునకు 600 రూపాయలు, 12,000 లీటర్ల దానికి 1,000 రూపాయలు, పన్ను అదనము. మనిషికి దినమునకు 135 లీటర్లు అను పట్టణపు ప్రమాణము ప్రకారము నలుగురికి నెలకు 16,200 లీటర్లు కావలెను. చిన్న టాంకరు ధరను లెక్కించిన ఇది 1,620 రూపాయలు. త్రాగునీటి డబ్బాలు వేరు.

కావేరి నీటి కుళాయి గల యింట ఇంత ఖర్చు కాదు. హైదరాబాదులో 2021 నుండి నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితముగా నిచ్చు పథకము ప్రవేశపెట్టబడినది. అయినను ఆ మేలు ప్రభుత్వ కుళాయి యున్న యింటికే. కావున ఇల్లు చూచునపుడు గదులెన్ని యని యడుగుటకు ముందు నీరెక్కడిది యని యడుగవలెను. వేసవిలో నీరెట్లు వచ్చునో యజమానిని గాక ప్రక్క ఇంటివారిని అడుగుట మేలు.

రేషను, రాకపోకలు, బడి

ఊరు విడిచినంతనే రేషను పోవునను భయము కొందరికి గలదు. ఒకే దేశము–ఒకే రేషన్ కార్డు విధానము 2019 ఆగష్టులో ఆంధ్ర, తెలంగాణములు ఒక జతగాను, గుజరాతు, మహారాష్ట్రములు మరియొక జతగాను మొదలై 2022 నాటికి దేశమంతట వ్యాపించినది. జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింది కార్డు గలవారు వ్రేలిముద్ర వేసి ఏ యూరనైనను బియ్యము తీసికొనవచ్చును. మనిషికి ఐదు కిలోలు చొప్పున నలుగురికి 20 కిలోలు. కిలో 50 రూపాయలనుకొన్న నెలకు 1,000 రూపాయల విలువ. అయితే రాష్ట్రప్రభుత్వము తన ఖర్చుపై ఇచ్చిన కార్డులకు పొరుగు రాష్ట్రమున ఈ సౌకర్యము లేదు. మీది ఏ తరగతి కార్డో బయలుదేరకముందే విచారించుకొనుడు.

రాకపోకల ఖర్చు ఇంటి స్థలముపై ఆధారపడును. ఊరిబయట బాడుగ తక్కువని దిగినవాడు ఆ మిగులును దారిలో పోగొట్టుకొనును. 2025 ఫిబ్రవరిలో బెంగుళూరు మెట్రో ఛార్జీలు పెరిగి అత్యధిక ఛార్జి 90 రూపాయలైనది. అంతదూరము నెలకు 25 దినములు పోయివచ్చిన 4,500 రూపాయలగును. కర్ణాటకమున 2023 జూనునుండియు, తెలంగాణమున 2023 డిసెంబరునుండియు స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితము చేయబడినది గాని, ఆ రాష్ట్రపు చిరునామా గల గుర్తింపుపత్రము చూపిన స్త్రీలకే అది వర్తించును. చిరునామా మార్చిన అక్కడి మేలు వచ్చును. ఇక్కడి మేళ్ళలో కొన్ని తప్పిపోవచ్చును. 2025లో అమలుకు వచ్చిన తల్లికి వందనము క్రింద పిల్ల యొక్కరికి 15,000 రూపాయలు చొప్పున మంజూరైనది; అందు 2,000 బడి నిర్వహణకు పోవును. అది మన రాష్ట్రపు బడులలో చదువు పిల్లలకే. ఇద్దరు పిల్లలను పొరుగు రాష్ట్రపు బడికి మార్చు తల్లి ఆ మొత్తమును వదలుకొనుచున్నట్లు లెక్కలో వ్రాసికొనవలెను.

ఒక మచ్చు లెక్క

సభ్యుల సౌకర్యార్థము ఒక మచ్చు చూపుచున్నాము. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే. ప్రతివారును తమ విచారణలో తేలిన అంకెలను వేసికొనవలెను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నెల జీతము 30,000 రూపాయలు.

బాడుగ – 11,000
అడ్వాన్సు అప్పుపై వడ్డీ – 1,320
నీరు, దీపములు – 1,500
బియ్యము, పప్పు, నూనె, కూరలు – 8,500
పాలు – 1,800
గ్యాసు – 1,000
రాకపోకలు – 2,500
బడి ఖర్చు – 4,000
ఫోనులు – 600
మందులు, బట్టలు, చిల్లర – 2,000
ఊరికి వచ్చిపోవుట, పెద్దలకు పంపుట – 1,500
మొత్తము – 35,720

జీతముకంటె నెలకు 5,720 రూపాయలు లోటు. సంవత్సరమునకు 68,640 రూపాయలు. ఇందు విలాసమనదగిన పద్దు ఒక్కటియు లేదు. ఈ లోటు మొదటి మూడునాలుగు నెలలు కంటికి కనబడదు. ఊరినుండి తెచ్చుకొన్న బియ్యము, చెనిక్కాయలు, చేతనున్న పంటసొమ్ము దానిని కప్పిపుచ్చును. ఐదవ నెలలో చేబదులు, ఎనిమిదవ నెలలో నగలపై అప్పు, రెండవ యేట భూమిపై అప్పు. కుటుంబములు చెడుట ఒక్కనాడు జరుగదు. నెలకు ఐదువేల చొప్పున జరుగును.

ఇదే లెక్కను వేరు విధముగా చూడుడు. భార్య కుట్టుపనియో వంటపనియో చేసి నెలకు 8,000 తెచ్చినచో లోటు మిగులుగా మారును. అడ్వాన్సు అప్పులేక స్వంత నిలువలోనుండి కట్టినచో 1,320 తగ్గును. పని దగ్గరనే ఇల్లు దొరికిన రాకపోకలు సగమగును. లెక్క వేయుటవలన భయము కలుగుట ముఖ్యము కాదు; ఏ పద్దు సవరించిన కాపురము నిలుచునో తెలియుట ముఖ్యము.

భూమియు, సంఘపు బాకీయు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పోవు తొందరలో భూమి నమ్ముట ఏరు దాటకముందే తెప్ప తగులబెట్టుటవంటిది. అమ్మిన సొమ్ము ఒక్కమారు వచ్చును. వెచ్చము నెలనెలయు వచ్చును. 2020లో గండికోట జలాశయపు ముంపువలన తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామములవారు తమ ప్రమేయము లేకయే కదలవలసివచ్చెను. వారికి వేరు త్రోవ లేకపోయెను. త్రోవయున్న మనము మన చేతులతో భూమిని సొమ్ముగా మార్చుకొనుటకు ముందు పదిమారు లాలోచింపవలదా?

పట్టణపు కాపురము నిలద్రొక్కుకొనువరకు, కనీసము రెండు సంవత్సరములు, భూమిని కౌలుకిచ్చుట మేలు. నోటిమాటపై గాక వ్రాతపూర్వకముగా ఇయ్యవలెను. 2019లో మన రాష్ట్రమున చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమునకు వీలు కల్పించినది. అందువలన యజమాని హక్కునకు భంగము లేక కౌలుదారునకు పంట ఋణము, భీమా పొందు మార్గ మేర్పడినది.

పంట ఋణమును పట్టణపు అడ్వాన్సునకు మళ్ళించు నలవాటు కొందరియందు గలదు. మూడు లక్షలవరకు పంట ఋణముపై వడ్డీ నూటికి 7. గడువులోపల తీర్చినవారికి 3 తగ్గించి 4 మాత్రమే పడును. సేద్యము మాని ఊరు విడిచినవాడు గడువు తప్పించుకొన్నచో ఆ తగ్గింపు పోవును, పేరు చెడును, మరుసటి యేటి ఋణమునకు అర్హత పోవును. చౌకవడ్డీ యని తీసినది ఖరీదైన వడ్డీయై కూర్చుండును. కదలుటకు ముందు బాకీ తీర్చుడు. తీర్చజాలనిచో సంఘపు కార్యదర్శిని కలిసికొని వాయిదా మాటాడుకొనుడు. సభ్యత్వము, వాటాధనము విషయమున నియమావళి యేమనుచున్నదో అప్పుడే తెలిసికొనుడు.

పట్టణమున గూడ సహకారము కలదు

సహకారము పల్లెకు మాత్రమే చెందినదని తలంపరాదు. అది పుట్టినదే పట్టణపు వెచ్చముల బాధవలన. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు కూడి, కల్తీలేని పిండి, వెన్న, చక్కెర తమకు తామే అమ్ముకొనుటకు ఒక అంగడి పెట్టిరి. 1904లో, అప్పటికి మన జిల్లాకు రాజధానియైన మదరాసులో, తిరువల్లిక్కేణి పట్టణ సహకార సంఘము అదే మార్గమున వెలసెను. నేడును బెంగుళూరున తోటరైతుల సహకార సంఘపు కూరగాయల అంగళ్ళును, పాలసంఘపు అంగళ్ళును కలవు. హైదరాబాదులో 1999 నుండి రైతుబజార్లు నడచుచున్నవి. పట్టణము చేరిన మొదటివారముననే ఇవి ఎక్కడనున్నవో కనుగొనవలెను. ఒకే వీథిలోనున్న నాలుగు కుటుంబములు కలిసి బస్తా బియ్యము, డబ్బా నూనె మొత్తముగా కొని పంచుకొనినను కొంత మిగులును.

చెన్నూరువారికి మరియొక మార్గమును గలదు. కడప పది పన్నెండు కిలోమీటర్ల దూరము మాత్రమే. 2025 ఆగష్టు 15నుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు మొదలగు బస్సులలో ప్రయాణము ఉచితము చేయబడినది. చదువుకొరకే కాపురము మార్చదలచినవారు, ముఖ్యముగా ఆడపిల్లలు గలవారు, ఊరనేయుండి పిల్లలను కడపకు పంపినచో ఎంత మిగులునో పై లెక్కతో సరిచూచుకొనుడు.

సారాంశము

1. పల్లెలో కొనక తినుచున్న ప్రతి వస్తువునకును వెల కట్టి రాబడిలో కలుపుడు.
2. అడ్వాన్సును, ఆరు నెలల వెచ్చమును అప్పులేక కూడబెట్టుకొనిన పిమ్మటనే కదలుడు.
3. మొదట ఒక్కరు పోయి రెండు నెలలుండి, నిజమైన ధరలు వ్రాసికొని రావలెను. పిదప కుటుంబము పోవలెను.
4. ఇంటిని నీరు, పనికి దూరము, బడి అను మూటిని చూచి కుదుర్చుకొనుడు.
5. రెండేండ్లవరకు భూమి నమ్మకుడు, వ్రాసి కౌలుకిండు.
6. సంఘపు బాకీ తీర్చి, లేదా వాయిదా కుదుర్చుకొని పొండు.
7. పట్టణమున ప్రతిదినమును ఖర్చు వ్రాయుడు. నెలకొకమారు భార్యాభర్తలు కలిసి కూడిక వేయుడు.

పల్లెలో ఒక యేడు పంట పోయినను మరుసటి యేడు భూమి మిగిలియుండును. పట్టణమున జీతము పోయిన మరుసటి నెల బాడుగ మాత్రమే మిగిలియుండును. ఈ భేదమును మనసున నుంచుకొని లెక్క వేసినవారు పోయినను బాగుపడుదురు, ఉండినను బాగుపడుదురు. ఇట్టి లెక్క వేసికొనుటకు సహాయము కావలసిన సభ్యులు తమ సంఘ కార్యాలయమునకు పోయి కార్యదర్శితో కూర్చుండి వేయించుకొనుటకు సంకోచింపనక్కరలేదు. సంఘమున్నది అప్పు లిచ్చుటకే కాదు. అప్పు పడకుండ కాపాడుటకు గూడ.